పిచ్చుక వెనకాల

తిరుత్తణి బజారులోని చిన్న ఫోటో స్టూడియోలో ఒక పెద్దాయన తన ఫోను కౌంటరు మీద పెట్టాడు. స్టూడియో అతను దాన్ని తీసుకుని ఒక్కో ఫోటో జరుపుతూ చూశాడు.

“ఏం మామా, అన్నీ పిచ్చికలే ఉండాయే?”

“అవును. దాంట్లో మీ అత్త ఫోటో ఒకటి పెద్దది చేసియ్యి. కర్మంత్రానికి మాలేసి పెట్టాల.”

“అత్త యాడుండాది?”

“పిచ్చిక ఎనకాల.”

“ఈ పచ్చగా, మసగ్గా కనిపించేదా?”

“అదే. చేటలో బియ్యం ఏరతా ఉండాది.”

“పిచ్చిక మాత్రం ఈక ఈక తెలస్తాంది మామా. అత్తకు మొగమే లేదు. ఆధార్ కార్డు ఉంటే ఇయ్యి, దాంట్లో ఫోటో పెద్దది చేస్తా.”

“దాంట్లో ఆమెను చూస్తే నాకే భయం.”

“ఇన్ని పిచ్చికల్ని తీసినావే, అత్తను ఒక్కటన్నా తీసుండకూడదా?”

“ఫోటో అంటే లేచి ఇంట్లోకి పొయ్యేది. ‘నిన్ను కాదులే, పిచ్చికను తీస్తాండా’ అంటే కదలకుండా కూసోనుండేది. దినామూ అట్ల చెప్పే తీసినా.”

“అంటే ఇవన్నీ అత్త ఫోటోలా?”

“అన్నీ ఆమెవే.”

“మరి ఫోకసంతా పిచ్చిక మీదే పడిండాదే?”

“నేను చెప్పింది ఆమె నమ్మింది నాయనా. ఫోనూ నమ్మేసింది.”

“సరి మామా. అత్తను అయినకాడికి తేటగా చేస్తా. ముందరున్న పిచ్చికను తీసేద్దామా?”

“తియ్యొద్దు. అది లేకపోతే ఆమె లేచి పోతాది.”