కొండల్ నోటి చేదు

కూసోరా జగదీశూ, నిలవడి చెప్పే మాటనా ఇది. మీ అయ్య కుర్మయ్య పోయి రెండు దినాలాయె, నీ మొకమంత పీక్కపోయింది, తిన్నవా లేదా? ఇగో, మీ అత్త చాయ తెచ్చింది, తాగు. చూసినవా, నీకు చేతికిచ్చింది, నా గిలాస గద్దె మీద వెట్టి పోయింది. గది వేరే ముచ్చట, తర్వాత జెప్త. ఇగ నీ సంగతి చెప్పు. ఆఁ, రేపు మూడోనాడు. పిట్టకు ముద్ద వెట్టినంక కల్లు పోసి నోటి చేదు తీసేది మేనమామనే, నేను గాక ఇంకెవలు తీస్తరు? వస్త. కల్లు చెప్పి వచ్చినవా? పెద్ద డబ్బానా? మంచిదే, చుట్టాలు మస్తుగొస్తరు. మీ అమ్మకు పోయాలె, నీకు పోయాలె... ఉపేందర్‌కు గూడనా? ఏందిరా, జరంత పెదవికి అంటిస్తె ఏమైతదంటవా? ఆగు. ఒక్క నిమిషం ఆగు. నీ తమ్ముడు మత్తు మాన్పిచ్చే సెంటర్లకెల్లి ఇంటికొచ్చి ఎన్ని దినాలాయె? నెల నిండలే గదా. ఫోన్ల ఎతికి ఎతికి, షాద్‌నగర్ దిక్కొకటి చూసి, అది నచ్చక, రాజేంద్రనగర్ల ఇంకోటి చూసి, వాని కాళ్ళు పట్టుకొని జాయిన్ చేసినవ్. మూడు నెలలు ఆ గేటు కాడ నిలవడ్డవ్. ఇప్పుడు నువ్వే వచ్చి నన్ను పొయ్యమంటున్నవ్. నీ తప్పు గాదులే. నేను గూడ గిట్లనే అన్న ఒకనాడు.

కొండల్ యాదికున్నడా నీకు? మీ అత్త తమ్ముడు, నా బామ్మర్ది. నువ్వప్పుడు చిన్నగున్నవ్, సైకిల్ మీద ముంగట కూసోవెట్టుకొని విమానాలు చూపెట్టనీకి ఎయిర్‌పోర్టు గోడ దాక తీస్కపోయేటోడు చూడు, గాయన. పొడుగ్గ ఉంటుండె, నవ్వితే వంకరపన్ను కనవడుతుండె. వాళ్ళమ్మ దుర్గవ్వ, అంటే మా అత్త, వాని మాటెత్తితే సాలు, 'నా కొడుకు బంగారమయ్యా, గా కల్లే వాని శని' అంటుండె. మా కాలంల కల్లు అంటే కల్లేరా. చెట్టు కాడికి పోతే ఆకుల పోసేటోళ్ళు, పుల్లగ, సల్లగ, తాగి మల్ల పొలంల పనికి పోయేటోళ్ళం. ఎయిర్‌పోర్టు వచ్చె, భూములు పాయె, ఈదులు పాయె, తాళ్ళు పాయె. చెట్లు పోయినయి గని కల్లు పోయిందా? దుకాణంల సీసాలు ఇంకా ఎక్కువైనయి. చెట్టు లేని కల్లు ఏడికెల్లి వస్తుందని ఒక్కడన్న అడిగిండా? నేనన్న అడిగిన్నా? అడగలే. నీళ్ళల్ల నిద్ర గోలీల పొడి కలుపుతరంట, మాకు తర్వాత తెలిసింది. తాగితె తల దిమ్ముగుంటది, తాగకపోతే పానం గుంజుకపోతది. ఇప్పటి పోరగాండ్లకు గంజాయాయె, గంజాయి కలిపిన చాక్లెట్లాయె, పేరు మారింది గంతే. మీ ఉపేందర్ కారు నడపనీకి పోయి నిద్ర ఆగాలని మొదలువెట్టిండు గదా, కొండల్ ఒళ్ళు నొప్పులని మొదలువెట్టిండు. ఆగు, గా విమానం పోనీ. గీ చప్పుట్ల నా మాట నాకే ఇనవడదు.

ఏం జెప్తున్న? ఆఁ, ఒళ్ళు నొప్పులు. వాడు గోదాంల సామాన్లెత్తే పని చేస్తుండె. పొద్దుగాల పోయే ముంగట రెండు సీసాలు, ఒచ్చినంక నాలుగు. మేం పరేషానయ్యి ఏం చేసినం? మాల ఏపిచ్చినం. దేవుని పేరు మీదనన్న మానుతడని. మూడోనాటికే చేతులు వణుకుడు, నిద్ర లేదు, గోడ మీద పురుగులు పాకుతున్నయని చీపురు పట్టుకొని కొట్టుడు. నాలుగోనాడు నాలుక కొరుక్కొని దబ్బున పడ్డడు. దుర్గవ్వ గుండెలు బాదుకొని, 'అపచారమైందయ్యో, గాలి సోకిందయ్యో' అని ఏడ్సింది. ఇగ కందుకూరు అవతల మంత్రాలాయన కాడికి తీస్కపోయినం. ఆయన ఏపమండలతోని కొడుతుంటె కొండల్ నా దిక్కు చూసి, 'బావా, నేను దయ్యం గాదే, కొట్టొద్దని చెప్పే' అని మొత్తుకున్నడు. నేనే వాని చేతులు పట్టుకున్నరా. గట్టిగ పట్టుకున్న. మంచికే అనుకున్న.

గప్పుడు మన నర్సమ్మ కౌసల్యమ్మ వచ్చి నన్ను తిట్టింది సూడు, 'ఓ ముత్తయ్యా, గాలీ లేదు దుమారం లేదు. మందు కల్లు ఒక్కపారి బంద్ చేస్తె గిట్లనే అయితది. దవాఖానకు తీస్కపో, లేకుంటె పిలగాడు సస్తడు.' ఎర్రగడ్డకు పొమ్మంది. పిచ్చోళ్ళ దవాఖానకా, చుట్టాలేమంటరు అని మేం రెండు దినాలు కొట్లాడుకున్నం. మా బతుకంత గా చుట్టాలేమంటరు కాడనే తెల్లారింది. ఆఖరికి పోయినం. ఆడ వాన్ని మెల్లగ మందులతోని దారికి తెచ్చిర్రు, ఆడికెల్లి ఇంకో కాడ మూడు నెలలు ఉంచిర్రు. పంపిచ్చేనాడు డాక్టరమ్మ నన్ను కూసోవెట్టింది. చిన్న పిల్ల, ఇప్పటి నీ ఈడుంటది. 'మీరేమవుతారండీ?' అన్నది. బావను అన్న. 'అయితే మీరే సంతకం పెట్టండి. వినండి, కల్లు గానీ, సారా గానీ, బీరు గానీ, ఒక్క గుక్క కూడా వద్దు. పెళ్ళయినా వద్దు, చావైనా వద్దు.' సరే అమ్మా అని సంతకం వెట్టిన. గా మాట చెప్పింది నాకేరా, వేరేటోళ్ళకు గాదు.

ఆరు నెలలు. ఆరు నెలలు ఒక్క చుక్క ముట్టలే వాడు. దుకాణం ముంగట నడువొద్దని సుట్టు తిరిగి రైలు పట్టాల పక్కకెల్లి పనికి పోతుండె. లగ్గాలల్ల పోరగాండ్లు పిలిస్తె సోడ తాగి నవ్వుతుండె. ఇగో, గీ గద్దె మీదనే కూసోని మీ అత్త చేసిన జొన్నరొట్టెలు నాలుగు నాలుగు తింటుండె. గా ఆరు నెలలు మా ఇంట్ల పండుగ లెక్కుండె, అబద్ధమెందుకు. అంతల దుర్గవ్వకు జరమొచ్చె, వారం దిరుగకముందే పాయె.

మూడోనాడు పిట్టకు వెట్టినం, కాకి ముట్టింది. అందరం వరసగ కూసున్నం. కొండల్‌కు మేనమామ లేడు, ఇంటల్లున్ని నేను, నోటి చేదు నేనే తీయాలె. చావు ఇంట్ల ఏడ్సి ఏడ్సి నోరు చేదెక్కుతది, కల్లుతోని కడగాలె, మన తాతలకెల్లి ఉన్నదే గదా. పోసుకుంట పోసుకుంట కొండల్ కాడికొచ్చిన. వాడు తలెత్తి, ఎవలకు ఇనవడకుంట, 'బావా, నాకొద్దే. నువ్వు సంతకం వెట్టినవ్ గదా' అన్నడు. నేను ఆగిన. నిజంగ ఆగిన. ఎనుకకెల్లి ఎవలో, 'ఏందిరా, కన్నతల్లి పోతె కొడుకు నోరు చేదుంచుకుంటడా, ముసల్దాని పానం శాంతిస్తదా' అన్నరు. ఎవలన్నరో గూడ యాదికి లేదు. నలుగురితోని నారాయణ అనుకున్న. 'ఒక్క గుక్కనే రా, అవ్వ కోసం' అన్న. అవ్వ కోసమంట! వాడు తాగొద్దని గా అవ్వ మొక్కని దేవుడు లేడు. మీ అత్త దర్వాజ కాడికెల్లి 'వానికొద్దయ్యా' అన్నది. 'నీకేం తెల్వదు, లోపటికి పో' అన్న. కొండల్ అక్క దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. రెండు చేతులు దోసిలి పట్టిండు. పోసిన. తాగిండు. 'ఆఁ, అయిపాయె' అన్నరు అందరు. నేను పక్కాయన కాడికి జరిగిన. పోసి మల్ల ఎనుకకు చూసేసరికి వాని చేతులు ఇంక గట్లనే పట్టి ఉన్నయి.

ఇంకేమున్నది చెప్పనీకి. దినాలు కాకముందే దుకాణంల కూసున్నడు. బతిమాలినం, తలుపు గొళ్ళెం వెట్టినం, మల్ల దవాఖానకు పోదాం పా అంటె 'రేపు బావా' అన్నడు. నెల నిండలే. మిట్టమద్యాన్నం దుకాణం గోడ పక్కకు పడి ఉండె. తాగి పన్నడనుకొని మంది దాటుకుంట పోయిర్రు. మానినోడు మల్ల పాత లెక్కల తాగితె పెయ్యి తట్టుకోదంట, డాక్టరమ్మ చెప్పింది. నా సంతకమున్న కాయితం చూసి పక్కకు వెట్టింది. తిట్టినా బాగుండు.

గందుకే చెప్తున్న జగదీశూ. రేపు వస్త. ఉపేందర్‌కు మాత్రం నేను మంచినీళ్ళే పోస్త, నోరు నీళ్ళతోని గూడ కడుక్కుంటరు. అసలు వాన్ని గా డబ్బా ఉన్న కాడ కూసోవెట్టకు, నా పక్కకు కూసోవెట్టు. నలుగురేమంటరా? అననీ. నాకు కొండల్‌ను తెచ్చిచ్చిర్రా గా నలుగురు? తప్పు నాది, తప్పు ఆచారానిది గాదు, తెలిసీ పోసినోడిది. పద్నాలుగేండ్లాయె. మీ అత్త ఒక్కనాడు గూడ నాతోని కొట్లాడలే. అన్నం పెడ్తది, జరమొస్తె నా కాళ్ళు ఒత్తుతది. గని ఆనాటి సంది నా చేతికి ఏదీ ఇయ్యదు, నా చేతికెల్లి ఏదీ అందుకోదురా. మంచినీళ్ళు గూడ. కింద పెడ్తె తీస్కుంటది.

చాయ సల్లగాయె. తాగినవా? ఇగో, నా గిలాస గూడ నువ్వే లోపటికి తీస్కపోయి మీ అత్తకియ్యి.