ఒకటి నా దగ్గరుంది

కోతల మేస్త్రి గొంతు సవరించుకున్నాడంటే హెలికాప్టర్ షెడ్డులో అందరూ టీ గ్లాసులు గట్టిగా పట్టుకుంటారు. నవ్వితే ఒలికిపోతుంది కదా. ఆ సాయంత్రం వాళ్ళ మధ్య కొత్త శ్రోత ఒకావిడ కూర్చుంది. మేనేజరుగారి భార్య, టీచరమ్మ. మొదట పైలట్‌గా, తర్వాత పైలట్టూ మేనేజరూ తానే అయి ముప్పై ఏళ్ళు అక్కడ పనిచేసిన ఆయన పోయి నెలయింది. ఆయన సొరుగు ఖాళీ చేయడానికి వచ్చింది. కళ్ళజోడు, రెండు పెన్నులు, ఎందుకో ఒక పాత పానా దొరికితే సంచిలో వేసుకుంది.

వస్తువుల కోసమే వచ్చానని చెప్పింది గానీ, ఆమెకి కావలసింది ఇంకోటి. ఆ మనిషి కాపురం మొత్తంలో ఆమెతో ఒక్కటే అబద్ధం ఆడాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక ఆదివారం, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి గంటలో తిరిగొచ్చి, "వాతావరణం బాగోలేదు, ఎగరలేదు" అన్నాడు. బయట చూస్తే ఎండ మండిపోతోంది. ఆమె ఎందుకని అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎక్కడికి వెళ్ళొచ్చాడో అన్న అనుమానం మాత్రం ముల్లులా ఉండిపోయింది.

"ఆ బోర్డులో ఒక చోటు ఖాళీగా ఉందేం?" అని గోడకేసి చూపించింది. బోర్డు మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే ఎర్ర రంగు వేసి ఉంది. అన్నీ వాటి చోట్లకి చేరితేగానీ ఎవరూ ఇంటికి కదలకూడదని మేనేజరుగారి రూలు.

"అది ఎప్పుడూ ఖాళీయేనమ్మా, ఓవర్," అంది ఓవర్ అక్క. ఇరవై ఏళ్ళుగా రేడియోలో మాట్లాడీ మాట్లాడీ ఆమెకి మామూలు మాటల్లోనూ ఆ తోక తగులుకుంది. "రోజూ సారు బోర్డంతా చూసి, 'ఒకటి నా దగ్గరుంది, పదండి' అనేవారు. ఎందుకో మాకు తెలీదు. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు లేక, సాయంత్రమైతే దాని ముందు తచ్చాడి తచ్చాడి పోతున్నాం."

సంచిలో ఉన్నది అదేనేమో అనుకుంది టీచరమ్మ. అడిగేలోపే మేస్త్రి అందుకున్నాడు.

"ఆ బోర్డు సంగతికేంగానీ, అసలు సారంటే ఏమిటో నేను చెప్తా. ఒక ఆదివారం కరెంటు తీగలు చూసి రావాలి. గాలి కాస్త ఎక్కువగా ఉంది. కాస్తంటే ఎంతనుకున్నారు, హెలికాప్టర్ పక్కకి జరుగుతుంటే నేను తోక పట్టుకుని ఆపాను."

"ఒక చేత్తోనా, రెండు చేతులతోనా?" అన్నాడు ట్యాంకరు డ్రైవరు.

"ఒక చేత్తోనే. రెండో చేతిలో టీ ఉందిగా. సారేమో బండి లేపేశారు, నేను తోకకి వేలాడుతున్నాను, టీ చుక్క ఒలకలేదు, అయినా చల్లారిపోతుందని తాగేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందంతా మేఘం, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. సారు కంగారు పడే మనిషా? మేఘం మీదే దింపేశారు. నేను దిగి చక్రాల కింద చెక్కలు పెట్టాను, ఆయన దిగి అద్దం తుడుచుకున్నారు."

"నేను రేడియో దగ్గరే ఉన్నాను. నాకేం వినపడలేదే, ఓవర్."

"ఎలా వినపడుతుందమ్మా? మా మాటల్ని గాలి ఎత్తుకుపోయింది. పక్క ఊళ్ళో ఎవరిదో సన్మానం జరుగుతుంటే మైకులోంచి మా గొంతులే వచ్చాయట, జనం చప్పట్లు కూడా కొట్టారు. ఇంతలో మెరుపొచ్చింది. సారు దాని వెలుతురులో తీగలన్నీ ఒక్క చూపులో చూసేసి, బండి తిప్పి తెచ్చి షెడ్డులో పెట్టి, పుస్తకంలో ఏం రాశారో తెలుసా? 'వాతావరణం బాగోలేదు, ఎగరలేదు.' అదీ ఆయన వినయం."

డ్రైవరు పొట్ట పట్టుకున్నాడు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

"మేస్త్రీ, ఇది పద్దెనిమిదేళ్ళ కిందటి మాటేనా?"

"అవునండీ, మీకెలా తెలుసు?"

"ఆ రోజు ఎండ కాసింది. డాబా మీద నేను పరుపులు ఎండేశాను. దుప్పటి అంచు కూడా కదల్లేదు."

మేస్త్రి గాలి తీసిన ట్యూబులా కూలబడి గ్లాసు కింద పెట్టాడు.

"ఎండేనండీ," అన్నాడు. "మా ఆవిడ కాన్పు కష్టమై మూడు రాత్రులు ఆసుపత్రిలో జాగారం చేసి, పొద్దున్నే పనికొచ్చాను. పైన తిరిగే రెక్కల మొదట్లో పానా మర్చిపోయాను. ఎగిరుంటే ఆయన మీకు దక్కేవారు కాదు. సారు ఎప్పట్లాగే ఎక్కి చేత్తో తడిమారు. పానా తీసి జేబులో వేసుకుని, 'ఇవాళ వాతావరణం బాగోలేదోయ్. నువ్వు పోయి నిద్రపో, రేపు బోల్టు బోల్టూ కలిసి చూద్దాం' అన్నారు. అలాగే చూశాం. ఆ వారమే ఈ బోర్డు పెట్టించారు."

"మరి ఈ తుఫాను?" అంది ఓవర్ అక్క, తోక మర్చిపోయి.

"పుస్తకంలో అలా రాశారు కదా. ఆ రోజు గాలే లేదని ఎవరైనా పట్టుకుంటే సారు మీదకొస్తుంది. అందుకని మర్నాటి నుంచి గాలి నేనే లేపాను. ఏటా కాస్త పెంచుకుంటూ వచ్చాను."

"నీ నోట్లో నువ్వుగింజ నానదనుకున్నాం," అన్నాడు డ్రైవరు మెల్లగా.

టీచరమ్మకి పద్దెనిమిదేళ్ళ బరువు దిగిపోయింది. కళ్ళు తుడుచుకుని, "నాతో చెప్తే ఏం పోయింది ఆయనకి" అని గొణుక్కుంది గానీ, కోపం రాలేదు. ఆయన మీద ఇష్టం ఇంకాస్త పెరిగింది, అంతే. సంచిలోంచి పానా తీసింది. మేస్త్రి దాన్ని చూసి గుర్తుపట్టి, లేచి రెండు చేతులూ చాపాడు.

ఆమె బోర్డులోని ఖాళీ కేసి చూసింది. పానాని చాపిన చేతుల్లో పెట్టకుండా మళ్ళీ సంచిలోనే వేసుకుని లేచింది.

"ఒకటి నా దగ్గరుంది," అంది. "పదండి."