లేని వంతెన మీది కేబులు

హలో… నేనే, అల్లుడుగారూ. ఈ నంబరుకు చేస్తే ఇంకెవరు పలుకుతారు.

…బాగానే ఉన్నాను. మోకాలూ బాగానే ఉంది. మీరు చేస్తారని మీ అత్తగారు పొద్దున్నే చెప్పింది. అక్కా, అల్లుడితో కాస్త మెత్తగా మాట్లాడు అని రెండుసార్లు బతిమాలింది. సొంత చెల్లెలు నోరు తెరిచి అడిగింది కాబట్టి సరేనన్నాను. చెప్పండి.

…ఊఁ.

…అవును, కమిటీ సాయంత్రం ఐదింటికే. మా నాలుగు వందల ఇళ్లకూ, బడికీ, క్లినిక్కుకూ పంచుకునే ఇంటర్నెట్టును వచ్చే మూడేళ్లూ టోకున ఎవరి దగ్గర కొనాలో ఇవాళ తేల్చేస్తాం. అధ్యక్షురాలిని నేనే. సంతకమూ నాదే. ఇవన్నీ మీకు తెలిసినవే కదా.

…మీ కంపెనీకే ఇవ్వమంటారు. ఊఁ. మీ పుస్తకం కూడా అందింది. నున్నటి కాగితం. మొదటి పేజీలో ఒక కుటుంబం మొత్తం ఒకే ఫోనులోకి చూసి నవ్వుతోంది. ఎందుకు నవ్వుతున్నారో ఎక్కడా రాయలేదు.

…మళ్లీ చెప్పండి, ఎంత శాతం?

…తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది. అంటే ఏడాదికి ఎన్ని గంటలు ఆగుతుందన్నమాట?

…మీరు లెక్క కట్టలేదు. నేను కట్టాను. తొమ్మిది గంటలకు కాస్త తక్కువ. పోయిన నెలలో ఒక్క మంగళవారమే పదకొండు గంటలు ఆగింది. ఏడాదంతా ఆగాల్సింది ఒక్క పగట్లో ఆగిపోయి, పైన ఇంకో రెండు గంటలు అదనం.

…కోపం కాదండీ. ముప్పై ఆరేళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. తప్పు లెక్క కనిపిస్తే నా గొంతు ఇలాగే ఉంటుంది.

…అది మాకు మొదటి లైను ఇచ్చే పెద్ద కంపెనీ తప్పు అంటారు. వంతెన దగ్గర మట్టి తవ్వే యంత్రం తెంపింది వాళ్ల కేబులును, మీదాన్ని కాదు అంటారు. బాగుంది. నేనూ అదే అంటాను. వాళ్ల కేబులు తెగితే వాళ్ల లైను ఆగింది. మరి అదే నిమిషంలో మీ లైను ఎందుకు ఆగింది? మీ దగ్గర రెండో లైను కొన్నదే అందుకు కదా, ఒకటి ఆగితే ఇంకొకటి అందుకోవాలని.

…మా వైపు లోపం. ఊఁ. ఆ మాట మీ కంపెనీ అప్పుడే ఉత్తరంలో రాసింది. మీ లైన్‌మన్ అజాగ్రత్త వల్ల లైను మారలేదు, మా సేవలో ఏ లోపమూ లేదు అని. దళసరి కాగితం, పైన రంగుల ముద్ర. ఆ ఉత్తరం చూసి మా లైన్‌మన్‌ను పనిలోంచి తీసేశాను. నిచ్చెనను.

…ఆఁ, అందరూ అలాగే పిలుస్తారు. భుజం మీద నిచ్చెన లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి.

…అతనేమీ తప్పు ఒప్పేసుకుని ఊరుకోలేదు. కమిటీ ముందు నిలబడి నెమ్మదిగానే చెప్పాడు. ప్రతి సోమవారం పొద్దున ఆరింటికి మొదటి లైను పీకేస్తానమ్మా, రెండోది అందుకుంటుందో లేదో చూస్తాను, రాసి పెట్టుకున్నాను కూడా అన్నాడు. చేతిలో బడిపిల్లల నోటుబుక్కు. నేను దాన్ని తెరవలేదు, అల్లుడుగారూ. మీ దళసరి కాగితం ముందు ఆ నలభై పేజీల పుస్తకం నా కంటికి ఆనలేదు. బతుకంతా నోటుబుక్కులు దిద్దినదాన్ని.

…లేదు, మధ్యలో మాట్లాడకండి. వినండి. తాళాలూ పనిముట్లూ అప్పజెప్పడానికి వచ్చినప్పుడు ఆ పుస్తకం కూడా నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. నాలుగు రోజులకు తెరిచాను. అరవై ఒక్క సోమవారాలు. తేదీ, టైము, రెండో లైను ఎన్ని సెకన్లకు అందుకుందో. ఒక్క వారం తప్పలేదు. ఒకచోట, జ్వరం, అయినా చూశాను అని రాసుకున్నాడు.

…చూశారా, మంచి ప్రశ్న మీరే వేశారు. అరవై ఒక్కసార్లు అందుకున్నది ఆ మంగళవారం ఎందుకు అందుకోలేదు? ఎందుకంటే అతను పీకింది మా గదిలో. మా గదిలో రెండు తీగలున్నాయి. గోడ దాటాక అవి ఎటు పోతున్నాయో ఎవరమూ చూడలేదు. కంపెనీలు రెండు కాబట్టి దారులూ రెండే అనుకున్నాం. ఆ తప్పు మాది. ముందుగా నాది.

…మ్యాపు. అవును, ఇచ్చారు. పోయిన వారం నేను అడిగితే మీరే పంపారు. ఇదిగో, నా ముందే ఉంది. భూతద్దం కూడా పక్కనే ఉంది. చాలా అందంగా గీశారు. పెద్ద కంపెనీ లైను ఎర్రగా, మీది పచ్చగా. ఎర్రది కొత్త వంతెన మీంచి ఏరు దాటింది. మీ పచ్చది కాస్త ఎగువన పాత వంతెన మీంచి దాటింది.

…నాకూ అలాగే అనిపించింది, మంచి ఏర్పాటని. కాని ఆ పాత వంతెన కూలిపోయి ఇరవై రెండేళ్లయింది.

…ఎవరో పాత మ్యాపు మీద గీశారేమో అంటారు. ఎవరు గీస్తే నాకేం. నీళ్ల మీద నడిచిన ఆయన సంగతి చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు చెప్పారు. కేబులు కూడా నడుస్తుందని మీ కంపెనీయే చెప్పాలి.

…ఎవరి మాటో విని కాదు. వెళ్లి చూశాను. గురువారం. నిచ్చెన మోపెడ్ వెనక కూర్చుని తొమ్మిది కిలోమీటర్లు. నేను రమ్మంటే అతను వెంటనే ఏమీ రాలేదు. రావాల్సిన అవసరం అతనికేముంది. గుమ్మంలో గంటసేపు నిలబడి అడిగాను.

…ఏం చూశానా? మా గదిలోంచి మీ నల్ల తీగ ఒక గోడలోంచి, వాళ్ల నీలం తీగ ఇంకో గోడలోంచి బయటికి వస్తాయి. చెరో వరస స్తంభాల మీద పోతాయి. చూస్తే ఎంతో నమ్మకంగా ఉంటుంది. పెట్రోలు బంకు వెనక, పాత టైర్ల పక్కన, ఒక ఇనప పెట్టె ఉంది. రెండూ అందులోకి దిగుతాయి. బయటికి వచ్చేది మాత్రం ఒక్కటే. నీలం తీగ. అది కొత్త వంతెన కింద గొట్టంలోంచి అవతలికి పోతుంది. మీ తీగ ప్రయాణం పెట్రోలు బంకు దగ్గరే సమాప్తం.

…అంటే మీరు పెద్ద కంపెనీ దగ్గర కొన్నదాన్నే మీ పేరు పెట్టి మాకు అమ్మారు. మేము ఒకే లైనును రెండుసార్లు కొన్నాం.

…ఈ వ్యాపారంలో అందరూ చేసేదేనా. కాపీ కొట్టి దొరికిన ప్రతి పిల్లవాడూ నాకు ఆ మాటే చెప్పాడు, అందరూ కొట్టారు మేడం అని. పక్కవాడి పేపరు మక్కికి మక్కి దించేవాడితో ఒక చిక్కుంది. వాడు పక్కవాడి తప్పు కూడా దించుతాడు. మీరు పెద్ద కంపెనీ ఆగిపోవడాన్ని కూడా దించారు.

…తగ్గించి ఇస్తారా. వద్దు. సగానికి ఇచ్చినా అది అదే తీగ.

…మీకు ఆ మంగళవారం క్లినిక్కులో ఏం జరిగిందో ఎవరైనా చెప్పారా?

…చెప్పలేదు. అలాంటివి మీ పుస్తకంలో వేయరు కదా. వడ్రంగికి గుండెనొప్పి వచ్చింది. నర్సమ్మ ఈసీజీ తీసింది. దాన్ని పెద్దాసుపత్రి డాక్టరుకు పంపితే ఏ మందు వేయాలో ఆయన అక్కడినుంచి చెబుతాడు. నలభై నిమిషాలు ప్రయత్నించింది. పోలేదు. సెల్‌టవరు కూడా ఆ గొట్టంలోని తీగ మీదే ఆధారపడింది, అదీ మూగబోయింది. చివరికి ఆ కాగితం చుట్టి చేత్తో పట్టుకుని, ఎవరిదో కారులో వడ్రంగి పక్కన కూర్చుని, తనే తీసుకెళ్లింది. బతికాడు. బతికాడు కాబట్టే నేను మీతో కూర్చుని మాట్లాడగలుగుతున్నాను.

…మూడో కంపెనీయా? వాళ్లకు అనుభవం లేదంటారు. కావచ్చు. వాళ్ల ఇంజినీరుకూ నేను ఇదే ప్రశ్న రాశాను, మీ లైను ఏరు ఎక్కడ దాటుతుంది అని. మీరు మ్యాపు పంపారు. పెద్ద కంపెనీ వాళ్లు, భద్రతా కారణాల వల్ల చెప్పలేము అని మూడు పేజీలు రాశారు. అతను ఏమీ పంపలేదు. నాకు తెలియదమ్మా, నడిచి చూసి చెబుతాను అన్నాడు. బూట్లు చేత్తో పట్టుకుని గట్టు పొడవునా నడిచాడు. వచ్చి, మా లైనూ ఆ వంతెన మీదే దాటుతోంది, అది మీకు పనికిరాదు అన్నాడు. ఆనకట్ట మీంచి తెస్తే నాలుగు నెలలు పడుతుంది, ఖరీదూ ఎక్కువే, ఆలోచించుకోండి అన్నాడు.

…అమ్ముకోవడం చేతకానివాడంటారా. తన సరుకులో లోపం తనే చెప్పినవాడు ఈ ముగ్గురిలో అతనొక్కడే. పెద్ద కంపెనీ లైను ఒకటి వంతెన మీద ఉంటుంది. రెండోది ఆనకట్ట మీంచి వస్తుంది. సాయంత్రం నేను చెప్పబోయేది అదే.

…అవును. సాయంత్రం కమిటీ ముందు పెట్టే కాగితంలో మీ కంపెనీ పేరు ఇక లేదు.

…మరి ఇంతసేపు ఎందుకు మాట్లాడానంటే, ఉత్తరం కోసం. నిచ్చెన మీద మీరు రాసినదాన్ని మీరే వెనక్కి తీసుకోవాలి. ఐదింటిలోగా.

…నేను పనిలోకి తీసుకుంటే చాలదు. ఆ ఉత్తరం నకలు చుట్టుపక్కల నెట్‌వర్కులన్నిటికీ పంపారు మీరు. ముప్పై నాలుగు రోజులుగా ఎవరూ అతన్ని స్తంభం ఎక్కనివ్వలేదు. ఒకరైతే నిచ్చెన అద్దెకివ్వు, నువ్వు మాత్రం రావద్దు అన్నారట. నేను తీసుకుంటే, ముసలావిడ జాలిపడింది అంటారు. అతనికి కావాల్సింది జాలి కాదు.

…కంపెనీ ఒప్పుకోదా. ఆ ఉత్తరం కింద సంతకం ఎవరిది?

…మీదే కదా. అయితే కంపెనీని అడగక్కర్లేదు. మిమ్మల్ని మీరు అడగండి.

…మా చెల్లెలి కూతుర్ని మధ్యలోకి తేకండి. దాన్ని పెళ్లాడారు కాబట్టే మీరు నాకు అల్లుడుగారు, లేకపోతే ఈ ఫోను మొదటి నిమిషంలోనే అయిపోయేది.

…ఉద్యోగం పోతుందని భయం. అర్థమైంది. మీ ఇంట్లో అది భయం. నిచ్చెన ఇంట్లో అది ముప్పై నాలుగు రోజులుగా జరుగుతున్నది.

…ఎలా రాయాలో తెలియడం లేదంటే అది చిన్న సంగతి. కలం తీసుకోండి. నేను చెబుతాను, మీరు రాయండి.

…తీసుకున్నారా. 'పోయిన నెల మేము రాసిన ఉత్తరం తప్పు.' …కాదు. పొరపాటు దొర్లింది అని రాయకండి. దానంతటది దొర్లడానికి అదేమైనా గుండ్రాయా. తప్పు. రెండక్షరాలే.

'మీ లైన్‌మన్ తన పని పూర్తిగా, సరిగ్గా చేశాడు.' ఫుల్‌స్టాప్ పెట్టండి. కాని, అయితే అంటూ ఏమీ తగిలించకండి.

'మా లైను పెద్ద కంపెనీ లైనేనన్న సంగతి ఉత్తరం రాసేనాటికి మాకు తెలియదు.'

…ఎందుకు ఆపారు?

…రాయండి. ఆ వాక్యం మీ మేలు కోరే పెట్టాను. తెలియక చేశామంటే నలుగురూ సర్దుకుంటారు. మీరూ తలెత్తుకుని తిరగొచ్చు.

…ఏమిటీ, తెలుసంటారా?

…ఎప్పటినుంచి?

…మాకు అమ్మిన రోజునుంచీ.

…లేదు, పెట్టేయలేదు. ఉన్నాను. ఒక్క నిమిషం ఉండండి.

…అంటే నిచ్చెన మీద రాస్తున్నప్పుడు, అతని తప్పు లేదని తెలిసే రాశారు. మీ పైవాళ్లు ఎవరిదో ఒకరి పేరు చెప్పమన్నారు. మీరు వరసలో అందరికన్నా కింద నిలబడిన మనిషి కోసం వెతికారు.

…అతనెవరో కూడా తెలియదు. అందుకే తేలికైంది అంటారు. ఊఁ.

…నేను ఇంతసేపూ మిమ్మల్ని చేతకానివారనుకుని మాట్లాడాను. మ్యాపు చూడటం రాదు, శాతం లెక్క రాదు అనుకున్నాను. చేతకానితనమైతే నాకు అలవాటే, కూర్చోబెట్టి నేర్పేదాన్ని. ఇది నేను నేర్పగలిగేది కాదు.

…ఆ వాక్యం కొట్టేయండి. 'తెలిసే రాశాము' అని పెట్టండి.

…పెట్టకపోతే ఏం చేస్తానా. మీ పైవాళ్లకు ఫోన్ చేయను, ఎవరి కాళ్లావేళ్లా పడను. ఐదింటికి లేచి, మీరు ఇప్పుడు నాతో అన్నది అన్నట్టుగా కమిటీలో చెబుతాను. పంపితే మీరు ఒప్పుకున్నట్టు. పంపకపోతే నేను పట్టుకున్నట్టు. మీకు మిగిలినవి ఆ రెండే. అవి మాత్రం నిజంగా రెండు వేర్వేరు దారులు.

…మీ అత్తగారికి నేనుగా చెప్పను. అడిగితే దాచను. ఆవిడ అడిగేలోపు మీరే చెప్పుకోవడం మంచిది.

…రాస్తున్నారా. రాయండి. నాకు చదివి వినిపించక్కర్లేదు. వస్తే సభలోనే చదువుతాను.

…ఉండండి, గేటు చప్పుడైంది. …ఆఁ, అతనే. నిచ్చెన. సభకన్నా ముందు నేనే రమ్మన్నాను.

…లేదు, మీ ఉత్తరం గురించి కాదు. అది వస్తుందో రాదో నాకు తెలియదు, దాని కోసం ఆగను కూడా. అతన్ని తీసేసిన కాగితం మీద సంతకం నాది. ఆ పుస్తకం తెరవనిది నేను. ఆ మాట కూర్చుని చెప్పకూడదు, చేతిలో ఫోను పట్టుకునీ చెప్పకూడదు.

…పెట్టేస్తున్నాను.