వెనక్కి చూడనివ్వని తమ్ముడు

మౌంట్ కెన్యా అడవిలో కార్లను రానివ్వని మట్టిదారి అది. కొండ పైనుంచి దిగొచ్చిన అక్క అడవి గేటు దాటగానే సైకిల్ ఆపింది. వెనకే తమ్ముడూ ఆగాడు. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

“ముసలి గాడిదనా నేను? దారంతా ఏం తిట్లురా అవి, మ్విరిగీ!”

“తిట్టకపోతే నువ్వు వేగంగా తొక్కవు కదక్కా.”

“వెనక్కి తిరిగితే చంపేస్తానన్నావు. ఎందుకురా అంత తొందర?”

“వెదురు పొదల దగ్గర్నుంచి ఏనుగు వెంటపడింది.”

“చాల్లే, కోతలు! ఏనుగైతే అరవదూ?”

“అరిస్తే భయపెట్టి వదిలేసేదే. ఇది నోరెత్తలేదక్కా. తొండం ముడుచుకుని పరిగెత్తుకొచ్చింది. వాగు దగ్గర ఆగింది. నా సైకిల్ వెనక చూడు.”

వెనక కట్టిన మొక్కజొన్న కంకుల సంచి లేదు. తెగిన తాడు వేలాడుతోంది. ఆమె ఆ తాడు కొసను పట్టుకు చూసింది.

“నాకు రెట్టింపు వేగంగా తొక్కుతావు నువ్వు. నన్ను దాటి పోలేదేంరా?”

“దాటితే వెనక ఉండేది నువ్వే కదా.”

హ్యాండిల్‌కు బిగుసుకుపోయిన తమ్ముడి వేళ్ళను ఆమె ఒక్కొక్కటిగా విడిపించింది.