సర్వర్‌తో క్లారీ చేసిన యుద్ధం

“ఒక్కణ్ణే! ఒంటిచేత్తో నిలబెట్టాను ఆ సర్వర్‌ని!” అన్న కేక వీధి మలుపు దాకా వినిపించింది. శ్మశానం నుంచి వానలో నానుతూ వస్తున్నవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరని అడగక్కర్లేదు. క్వీన్స్‌టౌన్‌లో అంత గొంతు క్లారీకే ఉంది. మాకంటే ముందే, దినం భోజనాలు పెట్టిన హాలుకి చేరి, వసారాలో టీ కప్పు పుచ్చుకుని మొదలెట్టేశాడు.

మేమప్పుడే ఆర్నీని మట్టిలో పెట్టి వస్తున్నాం. ముప్ఫై ఏళ్ళు గని దుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడి చనిపోయాడు, పాపం. చివరి రెండేళ్ళూ కంప్యూటర్లో ఒక న్యూస్‌గ్రూపు పట్టుకుని, తనలాంటి గని రోగులతో ఉత్తరాలు నడిపాడు. ఒకరు రాస్తే అందరూ చదవడం, తోచినవాళ్ళు జవాబివ్వడం, అదీ పద్ధతి. ఆ ఉత్తరాలన్నీ మా ఊరి కాలేజీలో ఉన్న సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ మీదుగానే వచ్చేవి, పోయేవి. ఆ సర్వర్‌ని చూసుకునేది క్లారీయే.

“నేనేదో పొడిచేశాననడం లేదయ్యా,” అంటున్నాడు. “పోయిన నెల గాలివానకి కరెంటు పోయింది, సర్వర్ ఆగింది. వెళ్ళి మీట నొక్కాను. అంతే.”

“అంతేనా? మరి ఈ కేకలెందుకు?” అన్నాడు బాసిల్. గనిలో ఆర్నీకి జోడీ అతను.

“విను మరి! మీట నొక్కగానే ఏమైందో తెలుసా? ఆగిపోయిన ఉత్తరాలన్నీ ఒక్కసారే మీదపడ్డాయి, నలభై వేలు! సర్వర్ పెట్టె ఎర్రగా కాగిపోయింది, దానిమీదే రెండు గుడ్లు వేయించుకుని తిన్నాను, పెంకులింకా అక్కడే ఉన్నాయి, పోయి చూసుకో. అంతలో ఫోన్ తీగ పుటుక్కున తెగింది. ఇంకొకడైతే ఇంటికి పోయేవాడు. నేనో? ఈ కొస ఈ చేత్తో, ఆ కొస ఆ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. దేశంలో జనం మాట్లాడుకునేదంతా నా ఒంట్లోంచే! కుడిచెవిలో క్రికెట్ తగాదా, ఎడమచెవిలో దేవుడున్నాడా లేడా అని రభస, పంటి డాక్టర్ల గ్రూపు పోతుంటే దవడ సలిపి చచ్చాననుకో!”

“రెండు చేతులూ ఖాళీ లేవు కదా, ముక్కెలా గీరుకున్నావ్?” అన్నాడు బాసిల్.

“అడవిలోంచి ఎలుగుపిల్లంత జంతువు, వాంబాట్, వచ్చి గీరి పోయింది! నవ్వకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిడుగు పడింది. నా నెత్తిమీద పడి, తీగలో దూరి, దేశానికి ఆ కొసనున్న డార్విన్ ఊళ్ళో తేలింది. అక్కడ మూడు రోజులు దీపాలు ఆర్పడం ఎవడి తరమూ కాలేదు! ఫిన్లాండు వాళ్ళు ఫోన్ చేసి, వదలకు నాయనా అని ఒకటే ఏడుపు. తొమ్మిది రోజులు, తిండీ నిద్రా లేవు. ఒక్క ఉత్తరం, ఒక్కటంటే ఒక్కటి పోనిచ్చానా?”

శవాన్ని సాగనంపి వచ్చినవాళ్ళం, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం.

“ఒకటి పోయింది, క్లారీ.”

గుమ్మంలో ఆర్నీ పెళ్ళాం నోరీన్. చేతిలో మాంసం కూరి కాల్చిన రొట్టెల పళ్ళెం.

“గాలివాన మర్నాడు ఆర్నీ రాశాడు. ఇంక చేసేదేం లేదని డాక్టరు చెప్పేశాడు, ఈ భయంతో మీరంతా ఎలా నిద్రపోతున్నారు, అని. తొమ్మిది రోజులు తెర చూస్తూ కూర్చున్నాడు. ఒక్క జవాబు లేదు. ‘నా దగ్గు వాళ్ళకీ విసుగొచ్చిందే నోరీన్’ అని గోడవైపు తిరిగాడు. అలాగే పోయాడు.”

నోరీన్ పళ్ళెంతోనే వసారాలోకి వచ్చింది.

“కబురు చెబుదామని ఆ గ్రూపులో ఆయన నేస్తం, కల్గూర్లీ గనుల దగ్గర ఉన్న వెర్న్‌కి ఫోన్ చేశాను. అతను వాళ్ళ సర్వర్ చూసేవాణ్ణి అడిగాడు. మన ఊరి ఉత్తరాలన్నిటి మీదా రెండువేల ఆరు అని తారీఖుందట. ఇంకా రాని ఏడాది నుంచి ఉత్తరమేమిటని వాళ్ళ పెట్టె బయటికి నెట్టేసింది. మాట్లాడవేం ఆర్నీ అని గ్రూపువాళ్ళు రోజూ రాస్తే, పదేళ్ళనాటి పాతవని నీ పెట్టె పారేసింది. ఇది తొంభై ఆరు కదా, క్లారీ? ఆ పెట్టెలో తారీఖు ఎవరు కొట్టారు?”

క్లారీ కప్పు కింద పెట్టాడు.

“నేనే. కరెంటు పోతే దాని తారీఖు చెరిగిపోతుంది. ఫుట్‌బాల్ ఆటకి వేళయిందని గబగబా కొట్టేసి పోయాను. తొమ్మిదోనాడు చూసుకుని, ఎవరికీ చెప్పకుండా సరిచేశాను. చెబుదామని రెండుసార్లు మీ వాకిట్లోకి వచ్చానమ్మా. కిటికీలోంచి ఆర్నీ ఖాళీ మంచం కనబడింది. తిరిగిపోయాను.”

బాసిల్ పిడికిలి బిగించి లేచాడు.

“కూర్చో బాసిల్,” అంది నోరీన్. “కొడితే ఆర్నీకి తెలుస్తుందా?” అని క్లారీ వైపు తిరిగింది. “వాళ్ళు రాసినవి వెర్న్ మళ్ళీ పంపుతున్నాడు. నలభై ఒకటి. రేపు పొద్దున్నే అచ్చుతీసి పట్రా. ఒకటి తగ్గిందో, మా గడప తొక్కకు.”

“తెస్తానమ్మా.” అంత చిన్న మాట అతని నోట మేమెప్పుడూ వినలేదు.

పళ్ళెం బల్లమీద పెట్టి నోరీన్ కూర్చుంది, వెనకే మేమూ కూర్చున్నాం. క్లారీ మాత్రం స్తంభం పక్కన నిలబడే ఉన్నాడు. చాలాసేపటికి బాసిల్, అతనికేసి చూడకుండానే, బెంచీ మీద కాస్త పక్కకి జరిగాడు. క్లారీ వచ్చి కూర్చున్నాడు. అందరం తిన్నాం.