కుర్చీలో కూర్చుని గుట్టెక్కిన భద్రయ్య

మహంకాళమ్మ మీద ఒట్టు, ఈ కథలో కోతలన్నీ భద్రయ్యవి. నేను ఒక్క గింజ కూడా కలపలేదు. కలుపుదామన్నా ఆయన చోటిస్తే కదా!

భద్రయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. మోకాలికి ఆపరేషనై సికింద్రాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి మూడో అంతస్తులో ఉన్నాడు. ఆపరేషన్ చక్కగానే జరిగింది. కాని మర్నాడు లేపి నిలబెట్టబోతే కాలు తడబడి, వార్డంతా చూస్తుండగా కూలబడ్డాడు. స్వామి దయవల్ల దెబ్బేమీ తగల్లేదు. తగిలిందల్లా లోపల. అప్పటినుంచి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి, ఇద్దరు పట్టుకుని దించితే తప్ప కదలడు. "రేపు నిలవడ్త" అంటాడు. ఆ రేపు వారాలైనా రాలేదు.

ఆ పొద్దున్నే డాక్టరు భద్రయ్య భార్య కమలాబాయిని పక్కకు పిలిచి చెప్పాడు: "మోకాలు బాగైంది తల్లీ, భయమే బాగు కాలేదు. ఆయనంతట ఆయన లేచి నిలబడాలి. ఇట్లాగే కూర్చుంటే కీలు బిగుసుకుపోతుంది. తర్వాత ఇక కుర్చీయే గతి." ఆ మాట గుండెలో పెట్టుకునే ఆమె ఇంటికెళ్ళింది, దేవుడి ముందు దీపం పెట్టింది, చాయ్ కాచింది. సాయంత్రం ఫ్లాస్కు పట్టుకుని తిరిగొచ్చేసరికి మూడో అంతస్తు వరండాలో సభ తీరి ఉంది. నడుమ చక్రాల కుర్చీలో భద్రయ్య. ఒక పక్క బన్సీలాల్‌పేట్ ఖమర్ బీ, పక్షవాతం తగిలి కుడిచెయ్యి పట్టు తప్పినావిడ. ఇంకో పక్క తిరుమలగిరి అబ్రహాం, నడుముకి బెల్టు కట్టుకున్నవాడు.

"ఏమయ్యా, ఇయ్యాల నిలవడ్డవా?" అని అడిగింది కమలాబాయి, ఫ్లాస్కు కింద పెట్టకుండానే.

"నిలవడుడేందే! గుట్టే ఎక్కొచ్చిన."

ఏ గుట్టో ఆమెకు తెలుసు. ఆ ఆసుపత్రిలో పెద్దవాళ్ళ చేత కసరత్తు చేయించడానికి ప్రిసిల్లా అనే అమ్మాయి కళ్ళకు పెద్ద అద్దాల పెట్టె ఒకటి కడుతుంది. కట్టగానే ఆసుపత్రి మాయమై ఎదుట తోటో, చెరువో, కొండో కనిపిస్తుంది. ఆ లోకంలో కాయ తెంపాలంటే ఇక్కడ చెయ్యి లేపాలి, ఆ లోకంలో మెట్టెక్కాలంటే ఇక్కడ మోకాలు లేపాలి. కసరత్తంటే ముసలివాళ్ళు విసుక్కుంటారు గాని, మామిడికాయలు తెంపమంటే కాదనేవాళ్ళెవరు? డాక్టర్లు దాన్ని వీఆర్ అంటారు, వార్డులో అందరూ అద్దాలంటారు. అయితే ఎంత గుట్టెక్కినా భద్రయ్య ఎక్కేది కుర్చీలో కూర్చునే.

"చాయ్ పొయ్యి, చెప్త," అని భద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "మొదలు చిన్న పనే ఇచ్చింది ప్రిసిల్లా బిడ్డ. మామిడికాయలు తెంపుమన్నది. తెంపిన. గంప నిండింది. బిడ్డ పరేషానయ్యి, అంకుల్, గింత జల్ది ఎవ్వలు తెంపలే అన్నది. గిదేం పని బిడ్డా, ఒక్క చేత్తోని బోగీ చక్రం తిప్పినోణ్ణి, జెర గట్టి పని ఉంటే చెప్పు అన్న. అన్ననో లేదో, కండ్ల ముంగట గుట్ట! అచ్చం మన నరసింహస్వామి గుట్ట లెక్కనే, మెట్లు సూస్తే మబ్బులల్లకు పోయినయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్తవ్ గద భాయ్," అంది ఖమర్ బీ, ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, కళ్ళెత్తకుండా.

"ఎక్కుడు షురూ చేసిన. మొదలు ఒక్కో మెట్టు, తర్వాత రెండు రెండు, నడిమిట్లకు పొయ్యేసరికి కాళ్ళు మెట్లకు ఆనుతున్నయో లేదో నాకే తెలుస్తలేదు. పడుచు పోరగాండ్లంత ఎన్క పడ్డరు. తాతా జెర ఆగే, మాకు దమ్ము పడ్తలేదు అని ఒకటే మొత్తుకునుడు."

"అద్దాలల్ల గంతమంది ఉంటరా అన్నా?" అన్నాడు అబ్రహాం. "నాకైతే ఒక్క బాతే కనవడింది."

"నీ నడుముకు బాతే ఎక్కువ. ఇనుండ్రి! సగం మెట్ల మీద ఒక అవ్వ, నెత్తిన బోనం, మోకాళ్ళు పట్టుకుని కూలవడ్డది. ఫికర్ చెయ్యకు అవ్వా అని, అవ్వను భుజం మీద, బోనం నా నెత్తి మీద పెట్టుకున్న. బోనం మీది దీపం సుత ఆరలే. ఎన్కకు మర్లి సూస్తే, అమ్మో, మోకాళ్ల నొప్పులోళ్ళంత లైను కట్టిండ్రు. ఎవ్వర్ని కాదంటం?"

"అందర్నీ ఎత్తుకున్నవా ఏంది?" అంది కమలాబాయి.

"గంతమందికి భుజం సాలది గదనే! బోగీలు తగిలించినట్టు ఒకరి కొంగు ఒకరికి ముడేసిన. ముంగట నేను ఇంజను. ఒక్క కూత పెట్టిన. గుట్ట మీదికి రైలే!"

అబ్రహాం పొట్ట పట్టుకున్నాడు. కమలాబాయీ నవ్వేదే, ఇంకో రోజైతే. ఆయన కోతలు ఆమెకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తల్లో కూర మాడిపోయినా తెలియకుండా విన్నది ఈ నోటినే. కాని ఇవాళ ఆమె చూపు ఆయన నోటి మీద లేదు, కుర్చీ కింది పలక మీద కదలకుండా ఉన్న రెండు పాదాల మీద ఉంది. గుట్ట ఎంత పెరిగితే ఆ పాదాలకు నేల అంత దూరమవుతున్నట్టుంది.

భద్రయ్య ఇవేమీ చూడలేదు. పైకి చేరిపోయాడు. "గుడికాడికి పోతె ఏముంది, గంట బోల్టు తుప్పువట్టి బిర్రుగైంది. పూజార్లంత ఉరికొచ్చి, భద్రయ్యగారూ, మీకోసమే సూస్తున్నం, పానా తెచ్చిండ్రా అన్నరు. పానా ఎందుకయ్యా అని, స్వామి పేరు చెప్పుకుని రెండు వేళ్ళు పెట్టి తిప్పిన, బోల్టు వెన్న లెక్క ఊడొచ్చింది. గంట కొట్టిన. ఏం మోగిందమ్మా! సికింద్రాబాద్ టేసన్ల రైళ్ళన్ని సిగ్నలనుకొని ఒక్కపారే కదిలినయ్. ఈ దవాఖాన్ల మంచాలల్ల ఉన్నోళ్ళంత దిగ్గున లేచి కూసున్నరు."

"నేను పండుకునే ఉన్న గదన్నా, మద్యాన్నం?" అన్నాడు అబ్రహాం.

"నీ గురక మీద నీకేం ఇనవడ్తది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంట మోతకు గుట్ట అదిరింది. అదిరి, ఒక దిక్కు ఒరిగింది. జనమంత హాహాకారాలు. నేనేం జేసిన? జాకీ పెట్టినట్టు నా ఈపు ఆనించిన, కాళ్ళు తన్నిపట్టిన, జెర్ర జెర్ర లేపి, గుట్టను మల్ల సక్కగ నిలవెట్టిన. గప్పుడు గర్భగుడి తలుపులు వాటంతటవే తెరుసుకున్నయ్. స్వామి, సాక్షాత్తు స్వామి, సింహాసనం మీంచి దిగిండు. భద్రయ్యా, బాగ అలసిపోయినవ్, జెరసేపు నా జాగల కూసో, నేను గట్ల తిరిగొస్త అన్నడు."

"అపచారం, అపచారం," అని కమలాబాయి లెంపలేసుకుంది.

"గదే అన్న నేను సుత! తప్పు స్వామీ, మీ జాగల నేను కూసునుడేంది, మా ఇంటామె చాయ్ తెచ్చే యాల్లయింది, పోవాలె అన్న. స్వామి ఏమన్నడో తెలుసా? కమలాబాయి చాయా? నాకు సుత జెర పంపియ్యి అన్నడు."

ఖమర్ బీ గ్లాసు కింద పెట్టింది.

"భద్రయ్య భాయ్, ఒక్క మాట. నువ్వు అద్దాలు కట్టుకున్నంక ప్రిసిల్లా గోడ మీది టీవీ పెడ్తది, ఎర్కేనా నీకు? లోపట నీకు ఏం కనవడ్తదో గదే మాకు టీవీల కనవడ్తది. మద్యాన్నం నేను మొత్తం సూసిన."

భద్రయ్య గ్లాసెత్తి చాయ్ ఒక గుటకేశాడు.

"అవ్వ లేదు, రైలు లేదు, గంట లేదు. మొదటి మెట్టు ఉన్నది. దాని ముంగట నువ్వు గిటు మర్లుడు, గటు మర్లుడు. బిడ్డా, చెప్పులు ఏడ ఇడవాలె, స్టాండ్ కనవడ్తలేదు అని ఒకటే అడుగుడు. సగం టైం గంతట్లనే ఖతం."

అబ్రహాం నవ్విన నవ్వుకి నడుము పట్టేసి, "అమ్మా" అంటూనే మళ్ళీ నవ్వాడు. కమలాబాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఒక్క మెట్టన్నా ఎక్కలేదా నా తండ్రీ అనుకుంది.

"ఆగు కమలమ్మా, ఇంక అయిపోలే," అంది ఖమర్ బీ, ఈసారి గొంతు తగ్గించి. "ఆ మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి ఉన్నయ్, టీవీల. ప్రిసిల్లా ఏమో, కూసునే మోకాలు లేపుండ్రి అంకుల్ అన్నది. నీ మొగడు ఒప్పుకోలే. చెప్పులు ఇప్పి పక్కకు నూకిండు. కుర్చీల కూసోని స్వామి మెట్టుకు మొక్కుతరా బిడ్డా, తప్పు గాదా అన్నడు. అని లేచిండు. అల్లా గవా, అల్లానే సాక్షి, ఎవ్వలు పట్టుకోలే. చేతులు జోడిచ్చి నిలవడ్డడు. నేను బిస్మిల్లా అని ఊపిరి బిగవట్టిన. మొక్కిండు, కండ్లకద్దుకున్నడు, మల్ల మెల్లగ కూసున్నడు. కండ్లకు అద్దాలున్నయ్ గద, గదంత గుట్ట కాడనే అయ్యిందనుకున్నడు పాపం."

గుమ్మం దగ్గర ప్రిసిల్లా వచ్చి నిలబడి ఉంది. కమలాబాయి ఆ పిల్ల వైపు చూసింది.

"నిజమే ఆంటీ. నేను వెనకే ఉన్నా, చెయ్యి కూడ తగలనియ్యలే. చెప్దామనే అద్దాలు తీసిన. తీసేలోపే అంకుల్, బిడ్డా గుట్టెక్కొచ్చిన అని షురూ చేసిండ్రు. మద్యాన్నం నుంచి నాకు సందే దొరకలే."

అందరూ భద్రయ్య వైపు చూశారు. ఆయన ఒక్కొక్కరి మొహమూ చూశాడు. చూసి, చూసి, కోపం తెచ్చుకున్నాడు.

"ఊకోండ్రి! కోతలు కోసుటానికి సుత ఒక హద్దుంటది ఖమర్ బీ! నేను నిలవడుడేంది? నవ్విపోతరు ఎవరన్న ఇంటె."

గుట్టను వీపు మీద లేపినవాడికి ఆ ఒక్కటీ నమ్మశక్యం కాలేదు.

"భాయ్, నమాజ్ చదివేదాన్ని, నాకు అబద్ధం ఎందుకు?"

"నా మోకాలు నాకెర్క. అది లేవది. మీకెట్ల సమజైతలేదు? సూపిస్త సూడుండ్రి!" భద్రయ్య గ్లాసు అబ్రహాం చేతిలో పెట్టాడు. పాదాలు పలక మీంచి నేల మీదికి దించాడు. "ఇగో, కాళ్ళు గిట్ల పెడ్త. చేతులు గిట్ల పట్టుకుంట. ముంగటికి గిట్ల వంగుత. సూస్తున్నరా? ఇగ లేద్దామంటె..."

ప్రిసిల్లా చప్పుడు కాకుండా వచ్చి కుర్చీ బ్రేకు నొక్కింది.

"ఇగ లేద్దామంటె..." అన్నాడు భద్రయ్య మళ్ళీ. ఈసారి ఆ మాట పైనుంచి వినిపించింది.

కాళ్ళు గజగజ వణుకుతున్నాయి. ఒక చెయ్యి గాలిలో దేన్నో పట్టుకోబోయి, ఏమీ దొరక్క, అట్లాగే ఉండిపోయింది. ప్రిసిల్లా రెండు చేతులూ ఆయన వెనక, తగలకుండా, తెరిచి పెట్టింది. ఖమర్ బీ పెదవులు కదులుతున్నాయి. అబ్రహాం నవ్వడం మానేశాడు. కమలాబాయి వచ్చి ఆయన ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలబడింది. చెయ్యి మాత్రం చాచలేదు, ఆయన పాదాలే చూస్తూ తల వంచుకుంది.

ఇన్ని వారాలుగా మంచంలోంచి, కుర్చీలోంచి ఆమె మొహం కిందినుంచే చూశాడాయన. ఇప్పుడు తల వంచి చూశాడు. చెప్పడానికి ఏదో వెతుక్కున్నాడు. గుట్ట లేదు, గంట లేదు, రైలు లేదు.

"ఏమే కమలా," అన్నాడు నెమ్మదిగా, "నీ పాపిట గింత తెల్లగ ఎప్పుడైందే?"

కమలాబాయి తల ఎత్తలేదు. ఆయన నిలబడగలిగినంతసేపు చూడనీ అని, అట్లాగే వంచి ఉంచింది.