ఐదో అంకె

ఇంగ్లండులో జెట్ విమానాలు కొత్తగా తయారు చేస్తున్న రోజులవి. కొత్త విమానాన్ని పరీక్షించడానికి పైకెళ్లినవాడు ఏం చేసినా రేడియోలో బిగ్గరగా చెప్పాలి, కింద ఉన్నవాడు అంకె వేసి రాసుకోవాలి. అది వాళ్ల పద్ధతి. ఆ ఉదయం కింద పెన్సిలు పట్టుకున్నవాడూ పైలటే.

“ఒరే, విమానం బొంగరంలా తిరుగుతూ పడిపోతోంది. తోక చుక్కాని కుడికి తొక్కాను, లాభం లేదు. రాసుకో.”

“ఒకటి. రాశాను. ముందు దూకెయ్యరా!”

“తల మీది అద్దం మూత బిగుసుకుపోయింది. గొడ్డలితో కొట్టినా పగల్లేదు. రెండు.”

“మళ్లీ కొట్టు!”

“ఇంజను ఆపి మళ్లీ వెలిగించాను, మూడు. చక్రాలు దించాను, నాలుగు. దేనికీ లొంగడం లేదు. రాస్తున్నావా, ఏడుస్తున్నావా?”

“రెండూ.”

“అసలే నీ రాత కోడి గెలికినట్టుంటుంది. రేపు అది చదువుకోవాల్సింది నువ్వేరా.”

“రేపా? నీకేమైనా అయితే ఇంకెవణ్ణీ ఎక్కించరు.”

“నాకు ముందు ఎక్కిన ఆల్డస్ పోతే ఆపారా? వారం తిరక్కుండా నన్నెక్కించలేదూ? తర్వాతి విమానం నీ పేరు మీదే ఉంది. ఈ నాలుగూ మళ్లీ చేస్తూ టైం పాడుచేసుకోకు.”

“మరి నేనేం చెయ్యాలి?”

“అదే ఆలోచిస్తున్నా. ఐదు వేసి ఉంచు, చెప్తా.”

కిందివాడు ఐదు వేశాడు. రేడియోలో గరగర తప్ప ఇంకేమీ రాలేదు. అంతలో నేల అదిరి, బల్ల మీది టీ కప్పు గలగలమంది.

మధ్యాహ్నానికల్లా ఆ కాగితం టైపు చేయించారు. ఐదుకెదురుగా ఖాళీ వదిలి, అడుగున రేపటి పైలట్ సంతకానికి చోటుంచారు.

అతడు సంతకం పెట్టాడు.